సరోజిని విన్న ఊరు

బజారు కేక నుంచి సంధ్యా ప్రార్థన దాకా, అక్కడి నుంచి కాంగ్రెస్ మహాసభ దాకా: ఒక కవయిత్రి వెంట నడిచిన 'పిలుపు'

సికింద్రాబాద్‌లో ఎస్‌డీ రోడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. అదే రోడ్డును సరోజినీదేవి రోడ్డు అంటే మాత్రం కాస్త తడుముకుంటారు. ఆ రోడ్డు మీదే 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి ఉంది. అక్కడి నుంచి ఎంజీ రోడ్డు వైపు వస్తే పార్సీల అగ్ని ఆలయం. జనరల్ బజారు సందుల్లోకి వెళ్తే, ఆషాఢంలో బోనాలతో కిక్కిరిసిపోయే ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి గుడి. వీటి మధ్య మసీదులు. పొద్దు వాలే వేళ ఈ దారిలో నడిచేవాళ్లకు అజాన్ వినిపిస్తుంది, చర్చి గంట వినిపిస్తుంది, గుడిలో హారతి గంట వినిపిస్తుంది. పార్సీ ఆలయం గోడల లోపల మంట ఆరకుండా వెలుగుతూ ఉంటుంది.

1912లో లండన్‌లో హైన్‌మన్ సంస్థ అచ్చు వేసిన 'ద బర్డ్ ఆఫ్ టైమ్' అనే సంపుటిలో సరోజినీ నాయుడు కవిత ఒకటుంది. పేరు 'ద కాల్ టు ఈవెనింగ్ ప్రేయర్'. సాయంత్రపు ప్రార్థనకు పిలుపు. నాలుగు చరణాల్లో నాలుగు పిలుపులు. మినార్ మీది నుంచి అజాన్ ఇచ్చే ముయెజ్జిన్, వేదిక దగ్గర క్రైస్తవ పూజారులు, ఆరని మంట ముందు అవెస్తా పఠించే పార్సీలు, చివర నారాయణ నామం. కవితలో ఏ ఊరి పేరూ లేదు. అయినా ఈ నాలుగింటినీ ఒకే సాయంత్రం, ఒకరి నడక దూరంలో వినగలిగిన ఊళ్లు దేశంలో ఎన్నో ఉండవు. హుస్సేన్ సాగర్‌కు అటూ ఇటూ పెరిగిన మన జంట నగరాలు అలాంటివి. ఆమె చెవి ఇక్కడ తయారైంది.

సరోజిని కవిత్వం గురించి మనం సాధారణంగా చెప్పుకునే మాటలు రంగులు, సువాసనలు, లయ. 'భారత కోకిల' అన్న బిరుదు కూడా ఆ తీపిదనానికే అతుక్కుపోయింది. ఆమె మూడు సంపుటాలనూ వరుసగా చదివితే ఇంకొకటి బయటపడుతుంది. 1905 నుంచి 1917 దాకా ఆమె మళ్లీ మళ్లీ ఒకే విషయం దగ్గరకు వచ్చారు. అది మనిషి మనిషిని పిలిచే గొంతు. అమ్మేవాడి కేక, మోసేవాడి పాట, ప్రార్థనకు పిలుపు, ముష్టికి చాచిన గొంతు, ఆఖరికి దేశాన్ని లేపే పిలుపు. ఆ గొంతు ఒక్కో కవితలో ఒక్కో పని చేసింది. దాని వెంట వెళ్తే, కవయిత్రి సరోజిని ఎక్కడ ఆగి నాయకురాలు సరోజిని ఎక్కడ మొదలయ్యారన్న పాత ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

హిందుస్తానీ ఇల్లు, ఇంగ్లిష్ కలం

సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసి వచ్చి, తర్వాత నిజాం కాలేజీగా ఎదిగిన విద్యాలయాన్ని ఇక్కడ నిలబెట్టినవారు. తల్లి వరదాసుందరి బెంగాలీలో పాటలు రాసేవారు. పిల్లలతో ఇంట్లో మాట హిందుస్తానీ. అంటే వీధిలో వినిపించే భాషే ఇంట్లోనూ. పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్‌లో మొదటి స్థానం, 1895లో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండ్ ప్రయాణం.

అక్కడ ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడికి తన కవితలు చూపించారు. అవి ఇంగ్లిష్ పిట్టలు, ఇంగ్లిష్ పొలాలు నిండిన కవితలు. ఆయన వాటిని పక్కన పెట్టి, మీ దేశపు కొండలూ తోటలూ గుళ్లూ మనుషులూ మాకు చూపించమని సలహా ఇచ్చాడు. ఈ కథ గాసే 1912 సంపుటి ముందుమాటలో చెప్పాడు. ఈ సలహాను తిట్టేవాళ్లున్నారు. తెల్లవాళ్ల సరదా కోసం తూర్పుదేశపు బొమ్మ గీయమన్నాడని వాళ్ల ఫిర్యాదు. అందులో నిజముంది. కానీ సలహా ఎవరిదైనా, ఊరు ఆమెది. గాస్ చూపించమన్నాడు. ఆమె ఎక్కువగా వినిపించారు.

1898లో తిరిగొచ్చి, అదే ఏడాది డిసెంబరులో మద్రాసులో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడును పెళ్లి చేసుకున్నారు. బెంగాలీ బ్రాహ్మణ అమ్మాయికీ తెలుగు బ్రాహ్మణేతర అబ్బాయికీ జరిగిన ఆ కులాంతర వివాహాన్ని జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు. డాక్టరుగారి ఉద్యోగం నిజాం కొలువులో. కాపురం హైదరాబాద్‌లో. నలుగురు పిల్లలు. ఈ సంసారం నడుమ మొదటి సంపుటి 'ద గోల్డెన్ త్రెషోల్డ్' 1905లో వచ్చింది. నాంపల్లిలో వాళ్ల ఇంటికి కూడా తర్వాత ఆ పుస్తకం పేరే స్థిరపడింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే.

రొట్టె, పండు, పువ్వు

ఆ మొదటి పుస్తకంలో 'స్ట్రీట్ క్రైస్' అనే చిన్న కవిత ఉంది. మూడు చరణాలు. తెల్లవారుజామున రొట్టె అమ్మేవాడి కేక, మిట్టమధ్యాహ్నం పండ్లు అమ్మేవాడి కేక, రాత్రి పూలు అమ్మేవాడి కేక. అంతే కథ. ఈ కవిత దగ్గర ఆగాలి, ఎందుకంటే తర్వాత ఆమె చేసిన పనికి నమూనా ఇందులోనే ఉంది.

ఒక్కో చరణంలో ముందు ఒంటికి ఏం కావాలో చెబుతారు, ఆ తర్వాతే కేక వినిపిస్తుంది. పొద్దున పరగడుపున పనికి పరుగెత్తేవాళ్లకు ఆకలి. మధ్యాహ్నం ఎండకు గొంతు ఎండుతుంది, కోయిలలు కూడా నోరు మూసుకుంటాయి. రాత్రి ప్రేమికులకు పూలు కావాలి. ప్రతి చరణం చివరా వీధి కూడా మారుతుంది. పొద్దున ఆత్రపడే వీధి, మధ్యాహ్నం రొప్పే వీధి. అమ్మేవాడి ముఖం మనకు ఎక్కడా కనిపించదు. అతని బట్టలు, వయసు, కులం ఏమీ తెలియవు. గొంతు మాత్రమే ఉంది, ఆ గొంతుకు సరిగ్గా సరిపోయే అవసరం ఉంది. పిలుపంటే సరోజినికి ఇదీ: వినేవాడి ఒంట్లో అప్పటికే ఉన్న కోరికను బయటి నుంచి పేరు పెట్టి చెప్పడం.

పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్లి నిలబడితే ఈ కవిత ఎంత సరిగ్గా విన్నదో అర్థమవుతుంది. ఆకుకూరలవాళ్లు కట్ట ధర చెప్పరు, ముందు కూర పేరు సాగదీసి పాడతారు. పేరులోని చివరి అచ్చు గాలిలో నిలబడేలా. ధర అడిగితేనే మామూలు గొంతు వస్తుంది. కేకకు ఒక గొంతు, బేరానికి ఒక గొంతు. సరోజిని తీసుకున్నది మొదటి గొంతు. రెండోదాన్ని ఆమె వదిలేశారు. ఆ వదిలేయడం గురించి తర్వాత చెప్పుకోవాలి.

అదే సంపుటిలో 'నైట్‌ఫాల్ ఇన్ ద సిటీ ఆఫ్ హైదరాబాద్' ఉంది. పావురం మెడలాంటి ఆకాశం కింద మూసీ తెల్లగా వంపు తిరుగుతుంది, జాలీ కిటికీల వెనక పరదా ముఖాలు, చార్మినార్ దగ్గర వాద్యాలు, గంటలు కట్టిన ఏనుగులు. బొమ్మల కవితగా దీనికి పేరు. కానీ ఇందులో కదలిక మినార్ల మీది అజాన్‌తోనే మొదలవుతుంది. ఆ పిలుపు ఆమె చెవికి కోటగోడ మీద రెపరెపలాడే యుద్ధ పతాకంలా తోచింది. ఇరవయ్యారేళ్ల లోపు రాసిన ఈ ఉపమానం పదేళ్ల తర్వాత పనికొచ్చింది.

ఆ తెల్లని మూసీ 1908 సెప్టెంబరు 28న వరదై ఊరి మీద పడింది. వేలమంది కొట్టుకుపోయారు. సరోజిని సహాయ శిబిరాల్లో పనిచేశారు. ఆ సేవకు బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ ఊచకోత తర్వాత దాన్ని వెనక్కి ఇచ్చేశారు.

కవయిత్రి అడుగుతుంది, బజారు చెబుతుంది

1912 సంపుటిలో ఆమె మళ్లీ బజారుకు వచ్చారు. ఈసారి మేడ మీది నుంచి వినడం లేదు, కిందికి దిగి మాట్లాడుతున్నారు. బడిలో చాలామంది చదివిన 'ఇన్ ద బజార్స్ ఆఫ్ హైదరాబాద్' ఇదే. వర్తకులను, పప్పూ కుంకుమపువ్వూ తూచేవాళ్లను, గంధం నూరే అమ్మాయిలను, కంసాలులను, పండ్లవాళ్లను, వాద్యగాళ్లను, గారడీవాళ్లను, పూలు కట్టే అమ్మాయిలను వరుసగా ఏం చేస్తున్నారని అడుగుతారు. వాళ్లు జవాబిస్తారు.

మొదటి పుస్తకంలో అమ్మేవాడు పిలిచాడు, ఊరు విన్నది. ఇక్కడ కవయిత్రి పిలుస్తుంది, అమ్మేవాళ్లు పలుకుతారు. పిలుపు తిరగబడింది. స్వదేశీ ఉద్యమం 1905లో మొదలై నడుస్తున్న రోజులవి. లాంకషైర్ మిల్లు సరుకు మాట ఈ కవితలో ఒక్కటి లేదు. అన్నీ ఇక్కడి చేతులు చేసినవే. దీన్ని స్వదేశీ కవితగా చదివేవాళ్ల మాట నాకు సరైనదే అనిపిస్తుంది, ఆమె ఎక్కడా నినాదం ఇవ్వకపోయినా.

ఇంకో సంగతి. కంసాలుల దగ్గర ఆమె ఎంతసేపు ఆగారో చూడండి. మణికట్టుకు కడియం, కాలికి అందె, నాట్యగత్తెకు వడ్డాణం, రాజుకు కత్తి ఒర. వీటి మధ్య పావురాల కాళ్లకు కట్టే చిన్న గజ్జెలు. తూనీగ రెక్కంత పల్చని గజ్జెలట. ఆ వివరం పుస్తకాల్లో దొరకదు. పాతబస్తీలో పావురాలు పెంచే షౌకును దగ్గరగా చూసినవాళ్లకే తెలుస్తుంది.

చివర్లో పూలమ్మాయిలు. వాళ్లు కట్టేవి రెండు రకాలు. పెళ్లికొడుకు నుదుటికి, పడకకు కొన్ని. పోయినవాళ్ల మీద కప్పడానికి అప్పుడే కోసిన తెల్లపూల దుప్పటి ఒకటి. కవిత అక్కడ ముగుస్తుంది. మన పూల మార్కెట్లలో ఇప్పటికీ అంతే. పెళ్లి దండలు కడుతున్న చేతులే, ఎవరో వచ్చి మెల్లగా అడిగితే, శవం మీద వేసే దండ అందిస్తాయి. దారం మారదు. పని ఆగదు.

ఈ ముగింపు ఆమెకు అలవాటైన ముగింపు. 'ఇండియన్ వీవర్స్'లో నేతగాళ్లను మూడుసార్లు అడుగుతారు. తెల్లవారుతూనే నేసేది పసిబిడ్డ గుడ్డ, పొద్దు గూకాక నేసేది పెళ్లి మేలిముసుగు, వెన్నెల్లో నేసేది తెల్లని శవవస్త్రం. 'బాంగిల్ సెల్లర్స్'లో గాజులు పెళ్లికాని పిల్లకు ఒక రంగు, పెళ్లికూతురికి ఒక రంగు, పిల్లల్ని పెంచి పెద్దచేసిన ఇల్లాలికి ఒక రంగు. లాడ్ బజార్‌లో కొలత చూసి గాజు తొడిగే చేతులకు మణికట్టు చూడగానే మనిషి ఎక్కడున్నదో తెలుస్తుంది. పొద్దు, నడిమధ్యాహ్నం, రాత్రి. పుట్టుక, పెళ్లి, చావు. ఈ రెండు వరసలనూ ఆమె అమ్మకపు కేక మీద పేర్చారు. మనిషి బతుకులోని ప్రతి మలుపులో ఎవరో ఒక పనివాడు ముందుగా అక్కడికి చేరి, కావలసింది పట్టుకుని నిలబడి ఉంటాడని చెప్పడానికి.

బేరం ఎక్కడ?

ఇప్పుడు ఆ వదిలేసిన రెండో గొంతు. ఆమె బజారులో ఎవరూ బేరమాడరు. అప్పు అడగరు. కూలి సరిపోలేదనరు. 'పాలంక్విన్ బేరర్స్'లో పల్లకి మోసే బోయీలు సంతోషంగా, తేలిగ్గా, పాట పాడుకుంటూ నడుస్తారు. భుజం మీది కాయ కనిపించదు. ఉజ్జయినీ మహంకాళి గుడి చరిత్రగా సికింద్రాబాద్‌లో చెప్పుకునేదాని ప్రకారం ఆ గుడికి పునాది వేసిన సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసినవాడు. ఊళ్లో కలరా తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని ఉజ్జయినిలో మొక్కుకుని వచ్చాడు. మోసేవాడి నోట ఉన్నది తేలికైన పాట ఒక్కటే కాదు, అంత బరువైన మొక్కు కూడా.

1958లో కలకత్తాలో రైటర్స్ వర్క్‌షాప్ పెట్టిన పి. లాల్, ఆయన తరం భారతీయ ఇంగ్లిష్ కవులు ఈ తీపి మీదే విసుక్కున్నారు. మన తెలుగులో ఆ విసుగుకు కవితారూపం అలిశెట్టి ప్రభాకర్. జగిత్యాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపి, క్షయతో 1993లో పోయిన అలిశెట్టి 'సిటీ లైఫ్' పేరుతో ఇదే ఊరి మీద వరసగా చిన్న చిన్న కవితలు రాశాడు. అక్కడ ఊరు పిలవదు, పీక నొక్కుతుంది. సరోజిని బజారు చదివాక అలిశెట్టి నగరం చదవాలి. రెండూ ఒకే ఊరివని నమ్మడం కష్టం. రెండూ నిజమే.

అయినా సరోజినికి ఆకలి తెలియదనడం అన్యాయం. 'ది ఓల్డ్ ఉమన్' అనే కవిత ఉంది. వీధిలో మర్రిచెట్టు కింద ఒంటరి ముసలమ్మ. చూపు పోయింది. ఒకప్పుడు ప్రియుణ్ని, కొడుకును ఓదార్చిన చేతులు ఇప్పుడు ఖాళీ. ఎవరూ ఆగరు. ప్రతి చరణం చివరా ఆమె నోట ఇస్లాం విశ్వాస వాక్యమైన కలిమా. నా దృష్టిలో ఆమె రాసిన వీధి కవితలన్నిటిలో ఇది మేలైనది. ఎందుకంటే ఇక్కడ పిలుపు మొదటిసారి విఫలమైంది. రొట్టెవాడి కేకకు ఆకలి పలికింది, కంసాలి పేరు పిలిస్తే పలికాడు. ముసలమ్మ గోడుకు వీధి పలకలేదు. అందుకని ఆ గొంతు మనుషుల నుంచి తిరిగి దేవుడి వైపు మళ్లింది. అమ్మకపు కేకకూ ప్రార్థనకూ మధ్య ఉన్న దారి ఈ కవితే.

పిలుపు లేని చోటు

ఊరి మీద ఆమె రాసిన కవితల్లో ఒక్కటి మిగతావాటికి ఎడంగా ఉంటుంది. 'ద హుస్సేన్ సాగర్'. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్విన చెరువు. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరుతో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడ్డాక రెండు ఊళ్ల మధ్య హద్దూ అదే, దారీ అదే. ఇటువైపు బ్రిటిష్ దండు, బ్యాండు, చర్చిలు. అటువైపు నిజాం దేవిడీలు, అజాన్‌లు. ట్యాంక్‌బండ్ మీద ప్రయాణమంటే ఒక రాజ్యంలోంచి ఇంకో రాజ్యంలోకి పోవడమే.

కవితలో ఈ రెండు ఊళ్లూ లేవు. అమ్మేవాడు లేడు, ముయెజ్జిన్ లేడు. వేకువ వచ్చి చెరువును బతిమాలుతుంది, సాయంత్రపు మబ్బులు ఆగి చూస్తాయి. చెరువు ఎవరికీ లొంగదు. గాలి వచ్చినప్పుడే అలలు విచ్చుకుంటాయి. నువ్వూ నాలాగే ఒక్కరికే కట్టుబడ్డావని చెరువుతో చెబుతుంది కవయిత్రి. ఊరంతా పిలుపులతో నిండిన కవిత్వంలో ఇదొక్కటే పిలుపులకు చెవి ఒగ్గని నీళ్ల కవిత.

ఆ గాలి ఎవరన్నది విమర్శకులు రకరకాలుగా చెప్పుకోవచ్చు. ప్రియుడనొచ్చు, దైవమనొచ్చు. నాకు ముఖ్యమనిపించేది వేరు. వీధి కవితల్లో సరోజిని అందరి గొంతులూ తనవి చేసుకున్నారు, తన గొంతు మాత్రం వినిపించలేదు. నేతగాళ్ల పాటలో ఆమె ప్రశ్న అడిగే మనిషి మాత్రమే. ఈ చెరువు దగ్గర ఆమె 'నేను' అన్నారు. అదీ ఊరి మధ్యలో, రెండు ఊళ్ల హద్దు మీద నిలబడి.

నాలుగు గొంతులు, రెండు కవితలు

తిరిగి సాయంత్రపు ప్రార్థన దగ్గరకు వద్దాం. 1912 నాటి ఆ కవితలో ఒక్కో మతానికి ఒక్కో చరణం ఉంది. ముయెజ్జిన్‌కు మినార్, పూజారికి వేదిక, పార్సీకి నీలిమంట. ఎవరి పరికరాలు వాళ్లవి, ఎవరి పిలుపు వాళ్లది. కలిపేందుకు కవయిత్రి ఒక్క మాట కూడా వాడలేదు. పక్కపక్కన ఉంచారు, అంతే. మన వీధుల్లో అవి ఉన్న తీరూ అదే. చర్చి గుడిని ఉద్దేశించి ఏమీ అనదు, మసీదు అగ్ని ఆలయాన్ని ఉద్దేశించి ఏమీ అనదు. ఒకే సంధ్యవేళ మాత్రం అందరిదీ.

మూడేళ్ల తర్వాత, 1915లో బొంబాయి కాంగ్రెస్ మహాసభలో ఆమె 'అవేక్' అనే కవిత చదివారు. దేశమాతను మేలుకోమని పిల్లల పిలుపు. మహమ్మదలీ జిన్నాకు అంకితం. జిన్నాను హిందూ ముస్లిం ఐక్యతకు రాయబారిగా ఆమె చూసిన రోజులవి. ఆ కవిత చివర్లో మళ్లీ అవే నాలుగు గొంతులు. హిందువులు, పార్సీలు, ముస్లింలు, క్రైస్తవులు ఒకరి తర్వాత ఒకరు తల్లికి మాట ఇస్తారు, తర్వాత అందరూ కలిసి పాడతారు. అజాన్‌లో యుద్ధ పతాకం చూసిన చెవి ఇప్పుడు నిజంగానే ఒక పతాకం కిందికి వచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కవితగా 'అవేక్' బలహీనమైనది. 1905లో రొట్టె అమ్మేవాడికి ఒక చరణమంతా ఇచ్చిన కవయిత్రి, 1915లో ఒక మతమంతటికీ ఒకటి రెండు పంక్తులు ఇచ్చి సరిపెట్టారు. నీలిమంట పోయింది, మినార్ పోయింది. వినే పని తగ్గి, చెప్పే పని పెరిగింది. కానీ అదే కవిత ఆమె జీవితంలో బలమైన మలుపు. వేలమంది ముందు నిలబడి, పదేళ్లుగా తను విన్న పిలుపును తనే ఇచ్చారు. పూలమ్మాయినో ముయెజ్జిన్‌నో అడ్డం పెట్టుకోలేదు. వినేవాళ్ల లోపల ఉన్న కోరికకు బయటి నుంచి పేరు పెట్టడమే పిలుపైతే, ఆ సభలో ఆమె చేసింది వీధిలో రొట్టెవాడు చేసిన పనే.

అందుకే 'రాజకీయాలు సరోజినిలోని కవిని మింగేశాయి' అన్న మాట నాకు సమ్మతం కాదు. 1917లో వచ్చిన 'ద బ్రోకెన్ వింగ్' ఆమె బతికి ఉండగా వెలువడిన చివరి కొత్త సంపుటి. పాటలు పాడే పిట్టకు రెక్క విరగడమేమిటని కాంగ్రెస్ నాయకుడు గోఖలే ఒకసారి అడిగిన ప్రశ్న నుంచి ఆ పేరు వచ్చింది. 'అవేక్' ఈ పుస్తకంలోనే ఉంది. 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు రాసిన 'యా మహబూబ్' కూడా ఇందులోనే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె గొంతు సభల్లో, సత్యాగ్రహాల్లో మోగింది. 1925 కాన్పూరు కాంగ్రెస్‌కు అధ్యక్షురాలు. 1930లో గాంధీజీ అరెస్టయ్యాక ధరాసన ఉప్పు కొటారు మీదికి సత్యాగ్రహులను నడిపించింది ఆమె. ఆ గొంతు వేదికల మీద ఎంత పనిచేసిందో విన్నవాళ్లు చెప్పుకున్నారు. ఆ పిలుపు ఎక్కడ నేర్చారో ఆ మొదటి రెండు పుస్తకాలు చెబుతాయి.

రాయడం పూర్తిగా ఆపలేదు. 1927లో కొన్ని కవితలు రాసి పెట్టుకున్నారు. 1949 మార్చి 2న, యుక్తప్రాంత గవర్నరుగా ఉండగా లక్నోలో కన్నుమూశారు. అప్పటికి అవి పుస్తకం కాలేదు. కూతురు పద్మజ 1961లో 'ద ఫెదర్ ఆఫ్ ద డాన్' పేరుతో వాటిని అచ్చు వేయించారు. అప్పటికి భారతీయ ఇంగ్లిష్ కవిత్వం లాల్, ఎజెకీల్ లాంటి కొత్త తరం కవుల బాట పట్టింది. పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ సంపుటిని ఇవాళ్టికీ చదవవలసినంతగా ఎవరూ చదవలేదు. బడి పుస్తకంలో బజారు కవిత ఒక్కటీ చదివి వదిలేసిన మన పిల్లలకు 'స్ట్రీట్ క్రైస్', 'ది ఓల్డ్ ఉమన్', 'ద హుస్సేన్ సాగర్', 'ద కాల్ టు ఈవెనింగ్ ప్రేయర్', 'అవేక్' కలిపి ఒక వరసలో చదివిస్తే, వాళ్లు రోజూ బస్సులో దాటే ఆ రోడ్డు ఎవరి పేరు మీద ఉందో వేరే చెప్పనక్కర్లేదు.